రొయ్యల షెడ్డు పిల్లల బిందె

1వ రోజు

అటక దినచర్య ఇకనుంచి చేత్తో రాయాలని ఊరి సభ తీర్మానించింది. మా పనియంత్రం చేట రాసుకునే చిట్టా చేటకి తప్ప ఇంకెవరికీ అర్థం కావడం లేదట. రాయమంటే రాస్తాను, నాకేం బాధ లేదు. నా దస్తూరి బాగుంటుందని పైఊరంతా ఒప్పుకుంటుంది.

తర్వాత ఎవరైనా చదువుతారేమోనని ముందే చెబుతున్నాను. నేను గుత్తుల సుభాషిణిని. నలభై నిండాయి, ఒంటరిదాన్ని, ఈ ఉమ్మడి అటకకి పదకొండేళ్ళుగా కాపరిని. కొండవాలున మెట్లు మెట్లుగా కట్టుకున్న పైఊళ్ళో ఎవరికైనా రెండే గదులు. రోజూ వాడే సామాను గదిలో ఉంటుంది, మిగిలిందంతా కొండలో తొలిచిన ఈ అటకలో ఉంటుంది. ఎవరైనా అడిగితే తీగ మీద ఉట్టి వేలాడుతూ వెళ్ళి వాకిట్లో దింపి వస్తుంది. సామాను ఎత్తడం, దించడం, వేరు చెయ్యడం చేట పని. వెడల్పాటి చేతులు ఊపుతూ గింజా పొట్టూ వేరు చేసినట్టు చేస్తుందని ఆ యంత్రానికి ఆ పేరు పెట్టారు. దేన్ని ఎటు పంపాలో చేటకి చెప్పడం నా పని.

ఈసారి చెప్పవలసింది పెద్దదే. లంకల్లో మిగిలిన చివరి అరవై కుటుంబాలు వానలకి ముందే పైకి వచ్చేస్తున్నాయి. సముద్రం వాళ్ళ గడప దాకా వచ్చేసింది. అటకలో సగం ఖాళీ చేస్తే అక్కడ తడికలు కట్టి వాళ్ళకి గదులిస్తారు. పద్దెనిమిదో రోజున కొలిమి వెలిగిస్తారు. అప్పటికీ ఏ ఇంటిదో తేలని లోహపు సామానంతా కరిగించి తీగలకి చక్రాలు పోస్తారు.

నాకు సర్దడం ఇష్టం. ప్రతి వస్తువుకీ ఒక చోటు ఉంటుంది, అది ఆ చోట లేకపోతే నాకు అన్నం సయించదు. నా గదిలో రెండు గిన్నెలు, రెండు పళ్ళేలు, ఒక గ్లాసు ఉన్నాయి. ఆ రెండో పళ్ళెం ఎందుకుందో ఇవాళే ఆలోచించాను. తీసెయ్యాలి.

2వ రోజు

పాత్రల అర తెరిచాను. ముప్పై ఒక్క ఏళ్ళ కిందట పెద్ద పోటు వచ్చి కిందూరు మునిగినప్పుడు అక్కణ్ణుంచి నెత్తిన పెట్టుకుని మోసుకొచ్చినవి ఇవి. మొదటి రెండేళ్ళూ అందరం ఈ గుహలోనే కాపురాలు చేశాం, అందరి సామానూ కలిసిపోయింది. గుండిగలు, గంగాళాలు, మరచెంబులు, చిల్లుల గరిటెలు, మూతలు లేని డబ్బాలు, డబ్బాలు లేని మూతలు. మూడు వేల పైచిలుకు ఉన్నాయి. చూస్తే తల తిరిగింది.

ఒక పళ్ళెం తిప్పి చూశాక ధైర్యం వచ్చింది. అంచు కింద చుక్కలు చుక్కలుగా ఉలితో కొట్టిన పేరుంది. ఇంకోటి తిప్పాను, దాని మీదా ఉంది. చాలావాటి మీద పేర్లున్నాయి.

గిన్నె మీద పేరు ఎందుకుంటుందో నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. మా నాన్న గుత్తుల వీర్రాజు కిందూళ్ళో పెళ్ళిళ్ళకి వంటసామాన్లు అద్దెకిచ్చేవాడు. మా కొట్టు చింతపండు వాసన, బూడిద వాసన కలగలిసి ఉండేది. బోర్లించిన గంగాళం మీద నాన్న కూర్చుని తిరిగొచ్చిన సామాను ఒక్కొక్కటే తిప్పి చూసుకునేవాడు. ప్రతిదాని మీదా 'గు.వీ.' అని ఉండేది. "పేరెందుకు నాన్నా?" అని అడిగితే, "దారి తప్పకుండా ఇంటికి రావడానికమ్మా" అనేవాడు. ఆ మాట, ఆ వాసన రెండూ ఇవాళ అరలో తల పెట్టగానే ముక్కుకి తగిలాయి. కాసేపు అక్కడే కూర్చుండిపోయాను, పని సమయంలో అలా కూర్చోవడం నాకు అలవాటు లేదు.

సాయంత్రం సభలో నా పద్ధతి చెప్పాను. ఎవరి పేరుంటే వాళ్ళింటికి పంపాలి. పేరున్న మనిషి పోతే ఆ వారసుల ఇంటికి. అలాంటి ఇల్లే ఊళ్ళో లేకపోతే కొలిమి గదికి. సభ పెద్ద మట్టపర్తి జోగేశ్వరరావు గారు ముచ్చటపడ్డారు.

"మా తాతగారి పేరు కిందూళ్ళో గిన్నె గిన్నె మీదా ఉండేదండీ. ఆ పేరు మళ్ళీ చూస్తానన్నమాట," అని, "పెద్దవాళ్ళనెవరినైనా ఓ మాట అడుగుదామా?" అన్నారు.

వద్దన్నాను. అడిగితే కథలు చెబుతారు. ఒక్కో గరిటెకి ఒక్కో పూట కథ. అలా అయితే వచ్చే ఏడు వానలకి కూడా అటక ఖాళీ అవదు.

4వ రోజు

ఇళ్ళలో వాడుతున్న పాత్రలు కూడా లెక్క తేల్చాలి కాబట్టి అన్నీ ఒకసారి అటకకి పంపమని ఊరంతా చాటించాను. పేరు లేనివాటికి గుడ్డపీలిక కట్టి ఇంటి నంబరు రాయమన్నాను. పేరున్నవాటికి ఏమీ కట్టక్కర్లేదన్నాను. "మూడు రోజుల్లో పేరు చూసి పంపేస్తాను, నాదీ పూచీ" అన్నాను.

ఉట్లు వరసగా వచ్చాయి. ఏ పాత్ర ఏ ఇంటి నుంచి వచ్చిందో రాసుకోవాలా అని చేట అడిగింది. పేరుంటే అక్కర్లేదు, ఊరికే చిట్టా పెరుగుతుందని చెప్పాను. నా మాట వినే మొదటి పనివాడు ఈ చేటే. ఎదురు చెప్పదు, కథ చెప్పదు.

6వ రోజు

ఒక్క రోజులో నాలుగు వందల పాత్రలు కదిలాయి. జోగేశ్వరరావు గారు ఉట్టిలో కాగితం పెట్టి పంపారు. తాతగారి పేరుతో పదకొండు స్టీలు పళ్ళేలు వచ్చాయట, కళ్ళకద్దుకున్నారట.

సాయంత్రం ఇంటికి వెళ్తే నా వాకిట్లోనూ ఒక ఉట్టి ఆగి ఉంది. అందులో మానెడు బియ్యం ఉడికే గుండిగ, అంచు కింద 'గు.వీ.' అని ఉంది. నేను చేటకి మా ఇంటి గురించి ప్రత్యేకంగా చెప్పలేదు. పేరు చూసి అదే పంపింది.

రాయకూడదేమో కాని రాస్తున్నాను. ఆ గుండిగని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. పెద్ద పోటు వచ్చిన వారం నాన్న కొట్టు తలుపులు బార్లా తీశాడు, జనం వచ్చి చేతికందింది పట్టుకుపోయారు. నాకు తొమ్మిదేళ్ళు. గుమ్మం పక్కన నిలబడి అన్నీ చూశాను. పైకి వచ్చాక ఒక్కరూ తిరిగి ఇవ్వలేదు. అమ్మ పోరగా పోరగా నాన్న సాయంత్రాలు అడగడానికని వెళ్ళేవాడు, ఉత్త చేతులతో వచ్చేవాడు. అన్నం పెడితే ఆకలి లేదనేవాడు. రెండో ఏడు జ్వరంతో పోయాడు. గిన్నెల దిగులుతో అన్నం మానేసి పోయాడని అమ్మ చివరిదాకా అంటూనే ఉంది. నేనూ అదే నమ్ముకుని పెరిగాను. ఇన్నాళ్ళకి వాళ్ళ చేతుల్లోంచి, అడక్కుండా, ఆయన గిన్నె దారి తప్పకుండా ఇంటికొచ్చింది.

8వ రోజు

నాన్న పాత్రలు ఏడయ్యాయి.

మధ్యాహ్నం నాలుగో మెట్టు నుంచి పేరంటాలు మామ్మ వచ్చింది. డెబ్భై నాలుగేళ్ళు, మోకాళ్ళ నొప్పులు, ఉట్టిలో కూర్చుని రమ్మన్నా వినదు, నడిచే వస్తుంది. ఆయాసం తీరాక అడిగింది.

"అమ్మాయ్, మూడ్రోజులన్నావు. నా బిందె రాలేదేటి?"

చేటని అడిగాను. స్టీలు బిందె, నడుం దగ్గర సొట్ట, పేరు 'రొయ్యల షెడ్డు పిల్లలు'. అలాంటి ఇల్లు లేదు. కొలిమి గదిలో ఉంది.

"అది నాదేనమ్మా. మా షెడ్డులో నాతో రొయ్యలొలిచిన పిల్లలు కొట్టించేరు, నా పెళ్ళికి," అంది మామ్మ.

"పేరు నీది కాదు కదా మామ్మా. షెడ్డు పేరుంది. షెడ్డు సామాను నీ దగ్గరుండిపోయింది అంటారు రేపెవరైనా. ఆ పిల్లల్లో ఇద్దరొచ్చి నీదేనని చెబితే తీసి ఇచ్చేస్తాను."

మామ్మ నా మొహంలోకి చూసింది. "పదకొండు మందిమి. పైకొచ్చింది ఇద్దరం. నానూ, నూకాలూను. నూకాలికి మొన్న మాట పడిపోయింది. ఇంకెవుర్ని తెమ్మంటావు?"

పని మీద ఉన్నాను, ఎదురుగా రెండు వందల మరచెంబులు ఉన్నాయి. చూస్తాను మామ్మా, ఇంకా పది రోజులుంది కదా అన్నాను. ఆమె వెళ్తూ వెళ్తూ, "నీళ్ళు సత్తు గిన్నెలో పట్టుకుంటన్నాను, రుచి లేదు," అంది. ఇలాంటివి వింటూ కూర్చుంటే పని సాగదని మొదటి రోజే అనుకున్నాను.

11వ రోజు

జోగేశ్వరరావు గారు స్వయంగా వచ్చారు. చొక్కా నలిగి ఉంది.

"ఏవండీ సుభాషిణి గారూ, మా తలుపు తెరుచుకోవట్లేదండి బాబూ. కిటికీలోంచి దిగొచ్చేను."

చేటని అడిగితే వాళ్ళ తాత మట్టపర్తి భద్రయ్య పేరుతో మూడు వందల పన్నెండు పాత్రలు ఆ ఇంటికి పంపానంది. ఇంకా తొంభై దారిలో ఉన్నాయంది. ఒక్క మనిషికి అన్ని పళ్ళేలు ఎందుకని అడిగాను. ఆయన తల గోక్కున్నారు.

"మా తాత ప్రెసిడెంటుగా చేసేడు కదండీ. ఊళ్ళో ఏ పెళ్ళయినా ఓ పళ్ళెం ఉండాల్సిందే. నేనూ వెళ్ళేవోణ్ణి ఆయన చెయ్యట్టుకుని..." అంటూ ఆగిపోయారు. ఏదో గుర్తుకొస్తున్నట్టు మొహం పెట్టారు. నేను తొందరలో ఉండి, రెండు గదుల మధ్య మడత గోడ తీసి చోటు చేసుకోండి, వానల తర్వాత చూద్దాం అన్నాను.

ఇప్పుడు రాస్తుంటే ఆ మొహం మళ్ళీ కనిపిస్తోంది. అప్పుడు ఇంకొక్క ప్రశ్న వెయ్యాల్సింది.

12వ రోజు

లంకల్లో నీళ్ళు ఇంకో అడుగు పెరిగాయట. ఆ కుటుంబాలు వారం ముందే వచ్చేస్తున్నాయి. కొలిమి రేపే వెలిగిస్తాం, తయారుగా ఉన్నవాటి జాబితా మీద సంతకం కావాలని కొలిమి వాళ్ళు అడిగారు. నూట అరవై పాత్రలు. సంతకం పెట్టాను. నా దస్తూరి బాగుంటుంది.

నాన్న పాత్రలు పద్దెనిమిది. గదిలో కాలు పెట్టే చోటు లేదు. అయినా నాకు చిరాకు రావడం లేదు. పెద్దది కింద, చిన్నది పైన, కొట్లో ఎలా ఉండేవో అలాగే దొంతరలు పెట్టాను.

13వ రోజు

పొద్దున్నే ఎవరో తలుపు తట్టారు. రెండో మెట్టు మీద ఉండే మరియమ్మ గారు. అరవై దాటి ఉంటాయి. ఎప్పుడూ పలకరింపే కాని మా ఇంటికి ఎన్నడూ రాలేదు. చేతిలో చిన్న గిన్నె, మూత తీస్తే వంకాయ పప్పు.

"తినండమ్మా. చిన్న గిన్నెలో వొండేను, అంత బాగోదు," అంది. లోపలికి తొంగి చూసి, "అదిగోండి," అంది. మొట్టమొదట వచ్చిన ఆ గుండిగ కేసి చూస్తోంది. "తీసుకెల్లడానికి రాలేదండి. మీదే కదా, మీ నాన్నగారిది. ఓసారి సూసుకుందారని వచ్చేను. ముప్పయ్యేళ్ళు దాంట్లోనే వొండేను మరి."

నాకు కోపం వచ్చింది. ముప్పై ఏళ్ళు వండుకుని ఒక్కసారి కూడా తిరిగి ఇవ్వాలని అనిపించలేదా అని అడిగేశాను. ఇన్నేళ్ళ కోపం కదా, గొంతు కూడా పెరిగింది.

మరియమ్మ గారు బిత్తరపోయింది. "ఇవ్వడవేటండీ? ఆయన ఇచ్చేసిందే కదండీ. పోటొచ్చిన రోజు ఆయనే పిలిచి నా నెత్తినెట్టేరు. పట్టుకెల్లండమ్మా, కొండెక్కేక పిల్లలకి దేంట్లో వొండుతారు అన్నారు. ఎప్పుడు తిరిగియ్యమంటారండీ అంటే నవ్వేరండి. మీరు పక్కనే నిలబడ్డారు, రెండు జడలేసుకుని."

"మరి సాయంత్రాలు అడగడానికి వచ్చేవాడుగా మీ ఇళ్ళకి?"

"వచ్చేవోరండి. అడగడానికి కాదండి. ఏవొండేరమ్మా ఇయ్యేళ, అనేవోరు. గుండిగ కేసి ఓసారి సూసుకుని, ఆ మూల పీట మీద కూకుని నాలుగు ముద్దలు తిని ఎల్లేవోరు. ఓ రోజు మా ఇంట్లో, ఓ రోజు ఇంకోరింట్లో. మాకు పండగ లాగుండేదండి. ఇంట్లో సెప్పకండి, మా ఆవిడ నేను కట్టపడి ఎతుకుతున్నాననుకుంటంది, అని నవ్వేవోరు."

నేను పీట మీద కూలబడ్డాను. ఆకలి లేదని నాన్న కంచం పక్కకి తోసిన ప్రతి సాయంత్రం నాకు గుర్తుంది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకోవడం గుర్తుంది. ఆయన కడుపు నిండి ఉంది. ఊరంతా తిరిగి, తన గిన్నెల్లో వండిన కూరలన్నీ రుచి చూసి వచ్చేవాడు. అమ్మకి భయపడి చెప్పలేదు, అంతే. ముప్పై ఏళ్ళుగా నేను ఈ ఊరి మీద పెంచుకున్న కోపానికి కింద నేల లేదు.

పప్పు తిన్నాను. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, మరియమ్మ గారు వీపు నిమిరింది. చివరికి అడిగాను, ఇంత పెద్దదాన్నయి అడగవలసిన ప్రశ్న.

"మీ ఇళ్ళలో మిగతా గిన్నెల మీద ఎవరి పేర్లుంటాయి?"

"ఇచ్చినోళ్ళవండి," అంది, ఇదేం ప్రశ్న అన్నట్టు. "పెళ్ళికిచ్చినోళ్ళవి, పురుడుకిచ్చినోళ్ళవి, గృహప్రవేశానికిచ్చినోళ్ళవి. అక్షరానికింతని తీసుకునేవోడు చెక్కేవోడు. అందుకని పేరు మట్టుకే కొట్టించేవోరు."

మా ఇంట్లో అలాంటివి లేవు. మాది అద్దెకొట్టు, ఇంట్లో వాడుకునేవి కూడా కొట్లోంచే వచ్చేవి. నాకు పెళ్ళి కాలేదు, పైఊళ్ళో స్టీలు కరువు, ఇక్కడ ఎవరూ ఎవరికీ గిన్నెలు ఇచ్చుకోలేదు. ఇచ్చినవాళ్ళ పేరున్న పాత్ర నా జీవితంలో ఒక్కటీ లేదు. నా ఒక్క కొట్టు పద్ధతి ఊరంతటికీ రుద్దాను. ఊళ్ళో ఏ ముసలమ్మని అడిగినా ఒక్క ముక్కలో చెప్పేది. కథలు చెబుతారని అడగలేదు.

అప్పుడు పేరంటాలు మామ్మ బిందె గుర్తొచ్చింది. పప్పు గిన్నె అక్కడే వదిలేసి పరుగెత్తాను.

కొలిమి పొద్దున్నే వెలిగించారు. మొదటి వాయి అప్పటికే పోసేశారు. వాళ్ళు నా సంతకం చూపించారు. ముప్పై నాలుగో వరసలో ఉంది, 'బిందె, స్టీలు, రొయ్యల షెడ్డు పిల్లలు, ఇల్లు లేదు.' మిగతా వాయి ఆపించాను. నూట నాలుగు పాత్రలు మిగిలాయి, యాభై ఆరు పోయాయి.

14వ రోజు

నాలుగో మెట్టుకి నేనే నడిచి వెళ్ళాను. ఉట్టి ఎక్కడానికి మొహం చెల్లలేదు.

మామ్మ సత్తు గిన్నెలో నీళ్ళు పట్టుకుంటోంది. గడపలో నిలబడే చెప్పేశాను. బిందె కరిగిపోయింది మామ్మా, నా సంతకంతోనే, నువ్వు చెప్పినప్పుడు నేను వినలేదు.

ఆమె కుళాయి కట్టేసింది. తిడుతుందేమోనని ఎదురు చూశాను. తిడితే బాగుండేది.

"పది పేర్లు పట్టవన్నాడు చెక్కేవోడు," అంది చివరికి. "దెబ్బలాడుకున్నాం. నా పేరెయ్యాలంటే నా పేరెయ్యాలని. నాకోసం కొన్నదాని మీద నన్నే జడ్జీని చేసేరు. నానే సెప్పేను, షెడ్డు పిల్లలని కొట్టించండే, అందరూ అందులో ఉంటారు అని. ఆ సాయంత్రం చేతులకింకా రొయ్యల వాసనే, అలాగే బిందె ఎత్తుకుని ఊరంతా తిప్పేరు నన్ను." చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంది. "పోటులో తొమ్మండుగురు పోయేరు. ఎవరి ఫొటో లేదు నాకాడ. పొద్దున్న లేచి నీళ్ళు పట్టేటప్పుడు ఆ సుక్కల మీద ఏలెట్టి రాసుకునేదాన్ని."

నేను ఆమె పాదాల దగ్గర కూర్చున్నాను. ఏం చెప్పినా తక్కువే. తప్పు నాదే అని మాత్రం అన్నాను.

"చక్రం అయిందా?" అని అడిగింది. "ఏ తీగకి?"

కనుక్కుని వచ్చాను. మూడో తీగకి. ఆమె ఇంటి ముందు నుంచి పోయే తీగ అది.

16వ రోజు

చేటని ఆపేశాను. నిన్నా ఇవాళా ఊరి పాత్రలన్నీ మెట్ల మీద ఎండలో పరిచాం. జోగేశ్వరరావు గారి ఇంటి నుంచే నాలుగు వందలు వచ్చాయి. ఆయన తలుపు తెరుచుకుంది. సభలో నేను లేచి, తప్పు పద్ధతి పెట్టింది నేను, పెద్దవాళ్ళని అడగొద్దన్నది నేను అని చెప్పాను. ఆయన మర్యాదస్తుడు, "నాకూ తట్టాలి కదండీ, తాత చెయ్యట్టుకుని ఇచ్చొచ్చింది నేనే," అన్నారు.

పెద్దవాళ్ళు వచ్చారు. మూడు వేల పాత్రల్లో తగువు వచ్చింది ఒక్క మరచెంబు దగ్గరే, అదీ ఇద్దరక్కచెల్లెళ్ళ మధ్య. మిగతావి చూడగానే గుర్తుపట్టారు. పేరు కూడా చదవక్కర్లేదు. సొట్ట, అతుకు, మాడు మచ్చ, పట్టుకునే చోట అరిగిన అంచు చూసి తీసుకున్నారు. పట్టుకుని ఊరికే పోలేదు, ప్రతిదానికీ కథ చెప్పారు. నేను విన్నాను. రెండు రోజుల్లో పూర్తయింది. చేట ఎనిమిది రోజుల్లో చెయ్యలేని పని.

కరిగిపోయిన మిగతా యాభై ఐదింటి వాళ్ళూ వచ్చారు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి చెప్పుకున్నాను. కొందరు తిట్టారు. పడ్డాను.

ఇంకోటి ఎవరూ చెప్పకుండానే జరిగింది. ఇన్ని ఎందుకు మనకి, లంకలవాళ్ళు ఉత్త చేతులతో వస్తారు కదా అని తలో పాత్రా పక్కన పెట్టారు. అటక సగం కాదు, ముప్పాతిక ఖాళీ అయింది. చెక్కడం వచ్చినవాళ్ళు ఊళ్ళో ఒక్కరే మిగిలారు, ఇచ్చేవాటి మీద తమ పేర్లు కొట్టించడానికి ఆయన వాకిట్లో ఇవాళ వరస కట్టారు.

17వ రోజు

నాన్న పాత్రలు ఎవరివి వాళ్ళకి ఇచ్చి వచ్చాను. గుండిగ మరియమ్మ గారి పొయ్యి మీద నేనే పెట్టాను. పదిహేడు ఇళ్ళు తిరిగాను. ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకటి తినిపించారు. ఇంటికొచ్చేసరికి ఆకలి లేదు. ఆ మాట పైకే అనుకున్నాను, నవ్వొచ్చింది.

ఒక్కటి మిగిలింది. స్టీలు బిందె, 'గు.వీ.' అని ఉంది. దాన్ని ఎవరూ గుర్తుపట్టలేదు. నాన్న ఎవరి నెత్తిన పెట్టాడో వాళ్ళు లేరు. చక్కగా తోమాను. చెక్కే ఆయన దగ్గర ఉలి, సుత్తి అడిగి తెచ్చుకుని నాలుగో మెట్టు ఎక్కాను.

"మామ్మా, నీ బిందె తేలేను. ఇది ఉంచుకో. నీ పేరు చెక్కుతాను, ఇక ఎవరూ కాదనకుండా. పేరంటాలు అని రాయనా, ఇంటిపేరు కూడా వెయ్యనా?"

మామ్మ బిందెని తిప్పి చూసింది. గోటితో కొట్టి మోత విన్నది. మూడో తీగ మీద ఉట్టి ఒకటి చప్పుడు చేసుకుంటూ వెళ్తుంటే అది దాటేదాకా ఆగింది.

"నా పేరెందుకే పిచ్చిదానా," అంది. "నా పేరు నాకు తెల్దేటి? ఇచ్చినోళ్ళ పేరు కదా గుర్తుండాల్సింది. నీ పేరు కొట్టు."

నా పేరు ఇంతవరకు ఏ గిన్నె మీదా లేదు. స్టీలు మీద ఉలి జారుతుంది, కాగితం మీద రాసినట్టు కాదు. 'సు' ఒకవైపు ఒరిగింది, 'షి' పెద్దదైపోయింది, 'ణి' కిందకి జారింది. ఊరంతా ఒప్పుకునే నా దస్తూరి చూసి మామ్మ పకపకా నవ్వింది. నాన్న పేరు పక్కనే నా పేరు, వంకరగా.

ఆమె చుక్కల మీద వేలు పెట్టి ఒకసారి రాసుకుంది. తర్వాత లేచి నీళ్ళు పట్టింది.

21వ రోజు

లంకల కుటుంబాలు నిన్న వచ్చాయి. అటకలో తడికలు సిద్ధంగా ఉన్నాయి. ప్రతి గదిలోనూ ఎవరో ఒకరి పేరున్న గుండిగో బిందో ఉంది. ఒకామె పేరు చదివి, ఇది ఎవరిదో మరిచిపోయినట్టున్నారమ్మా అని తిరిగివ్వబోయింది. కూర్చోబెట్టి చెప్పాను. కథలాగే చెప్పాను.

చేట చిట్టాలో ఇంకో వరస కలిపాను. ముందు పేరు, తర్వాత ఉండే చోటు. ఇవాళ రాసిన మొదటిది ఇక్కడ కూడా రాస్తున్నాను: బిందె, స్టీలు. పేరు, గు.వీ., సుభాషిణి. ఉండే చోటు, పేరంటాలు మామ్మ ఇల్లు, నాలుగో మెట్టు.

రెండో పళ్ళెం తీసెయ్యలేదు. రేపు మరియమ్మ గారు భోజనానికొస్తున్నారు.

నిన్న పొద్దున్న బిందెలో నీళ్ళు పట్టి మామ్మ కబురు పెట్టింది, ఇచ్చినోళ్ళు వచ్చి తాగి చూడాలట. ఇవాళ పని అయ్యాక వెళ్ళాను. లోపలికి అడుగు పెట్టగానే కళ్ళు ముందు బిందె కేసే వెళ్ళాయి. మూల పీట వేసి ఉంది. కూర్చుని ఒక గ్లాసు తాగాను. ఇంకో గ్లాసు అడిగాను.